దెబ్బ ఎక్కడ తగిలింది? మెదడు గురించి ఒక నరాల డాక్టరు ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినపడుతోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే, వినపడుతోంది.

నేను నరాల డాక్టర్ని. మా దగ్గరికి ఎవరైనా వచ్చి "చెయ్యి లేవడం లేదండీ" అంటే మేం మొట్టమొదట వేసుకునే ప్రశ్న 'ఏం జబ్బు?' అని కాదు, 'ఎక్కడ?' అని. లోపం చేతి కండలో ఉందా, కండకి వెళ్లే నరంలో ఉందా, మెడ దగ్గర వెన్నుపాములో ఉందా, లేక పైన మెదడులోనా? మెదడులో అయితే ఎటువైపు, ఏ మూల? చోటు తేలాక గానీ జబ్బు పేరు జోలికి పోం. స్కాన్ మిషన్లు వచ్చాక ఈ పద్ధతి పాతబడిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఎక్కడ చూడాలో తెలియకుండా తీయించిన స్కాన్ చాలాసార్లు లేనిపోని అనుమానాలు పెంచుతుంది.

కాలేయం ఉంది చూడండి, అందులో ఏ ముక్క తీసుకున్నా దాదాపు ఒకే పని చేస్తుంది. సగం కోసి తీసేసినా మిగిలిన సగం పెరిగి పని నెట్టుకొస్తుంది. మెదడుకి ఆ సౌకర్యం లేదు. ఒకచోట గోరంత భాగం పోతే మనిషికి మాట పడిపోతుంది. ఇంకోచోట కోడిగుడ్డంత గడ్డ మెల్లగా పెరుగుతున్నా ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు. 'ఈ మధ్య మనిషికి బద్ధకం ఎక్కువైంది' అనుకుంటారు ఇంట్లోవాళ్లు, అంతే.

ఇక్కడ మెదడు బొమ్మ పెట్టి భాగాల పేర్లన్నీ వరసగా చదవమంటే చదువుతాను. మీరు ఇంటికి వెళ్లేలోపు మరిచిపోతారు. పరీక్ష అయ్యాక నేనూ మరిచిపోయాను, మళ్లీ రోగుల దగ్గర నేర్చుకున్నాను. (నవ్వులు) అందుకని ఎక్కడ దెబ్బ తగిలితే ఏం పోయిందో చెబుతాను. మెదడు గురించి మనకి తెలిసినదాంట్లో చాలాభాగం అలా దెబ్బతిన్నవాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

ముందు ఆ వస్తువు ఎలా ఉంటుందో కొంచెం. పెద్దవాళ్లలో మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. కాలేజీలో మందులో నానబెట్టి చూపించే మెదడు గట్టిగా, రబ్బరులా ఉంటుంది. బతికున్న మెదడు అలా ఉండదు. చాలా మెత్తన. బల్ల మీద పెడితే తన బరువుకి తానే కుంగిపోతుంది. అంత మెత్తటిదాన్ని కాపాడటానికి పైన పుర్రె, పుర్రె కింద మూడు పొరలు, ఆ పొరల మధ్య నీళ్లలాంటి ద్రవం ఉన్నాయి. ఆ ద్రవం ఏ వేళకి చూసినా 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, రోజుకి అర లీటరు కొత్తగా ఊరుతూ పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. మెదడు ఆ ద్రవంలో తేలుతుంది. తేలడం వల్ల దాని బరువు 50 గ్రాములే అన్నట్టు ఉంటుంది. లేకపోతే అడుగునున్న రక్తనాళాలు, నరాలు ఆ బరువుకి నలిగిపోయేవి.

ఒంటి బరువులో అది నూటికి రెండు పాళ్లు. మనం ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో మాత్రం నూటికి ఇరవై పాళ్లు అదే వాడుకుంటుంది. పోనీ కొంచెం దాచుకుంటుందా అంటే, లేదు. కండలకి, కాలేయానికి నిల్వ ఉంటుంది. మెదడుకి ఎప్పటి ఖర్చు అప్పుడు రక్తంలో అందాల్సిందే. సరఫరా పూర్తిగా ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో కణాలు చావడం మొదలవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పక్షవాతం దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

'మనం మెదడులో పది శాతమే వాడతాం' అని ఎవరో ఒకరు ప్రతి సభలోనూ అడుగుతారు. ఆ పుకారు ఎవరు పుట్టించారో గానీ, చావడం లేదు. పది శాతమే వాడుతుంటే మిగతా తొంభై శాతంలో ఎక్కడ దెబ్బ తగిలినా ఏమీ కాకూడదు కదా! మా వార్డు ఖాళీగా ఉండేది.

మెదడులో నాడీకణాలు, అంటే న్యూరాన్లు, సుమారు 8,600 కోట్లు. అందులో 6,900 కోట్ల దాకా వెనక కింది వైపున్న చిన్న మెదడులోనే ఇరుక్కుని ఉంటాయి. బరువు చూస్తే అది మొత్తంలో పదో వంతే. మనం నడుస్తున్నప్పుడు తూలకుండా, గ్లాసు అందుకునేటప్పుడు చెయ్యి దాటిపోకుండా అదుపు చేసేది అదే. తాగినవాడి నడక, ముద్దమాట చూశారుగా, మందు పట్టుకున్నది ఆ భాగాన్నే.

ఈ కణాల మీద ఒక పెద్ద తగవు నడిచింది. నాడులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన ఏకవల అని ఇటలీకి చెందిన గాల్జీ నమ్మాడు. కాదు, ఏ కణానికి ఆ కణం విడివిడిగా ఉంటుంది, మధ్యలో సందు ఉంటుంది అని స్పెయిన్‌కి చెందిన కాహాల్ అన్నాడు. తమాషా ఏమిటంటే, కాహాల్ అది కనిపెట్టింది గాల్జీ తయారుచేసిన రంగు పద్ధతితోనే. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గాల్జీ తన మాటే తను చెప్పాడు. చివరికి నెగ్గింది కాహాల్ మాట. ఆ సందుల్లోకి ఒక కణం రసాయనం వదిలితే రెండో కణం అందుకుంటుంది. ఈరోజు మనం నరాల జబ్బులకీ మనోవ్యాధులకీ వాడే మందుల్లో చాలాభాగం పనిచేసేది ఆ సందుల్లోనే.

సరే, ఇక దెబ్బల దగ్గరికి వద్దాం.

పారిస్ దగ్గర ఒక ఆస్పత్రిలో లెబోర్న్య్ అనే రోగి ఉండేవాడు. ఇరవై ఏళ్లకి పైగా అక్కడే ఉన్నాడు. ఏం అడిగినా 'టాన్, టాన్' అనేవాడు. అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవాళ్లు. పిచ్చివాడు కాదు. అడిగింది అర్థమయ్యేది, లెక్క చెప్పాల్సివస్తే వేళ్లు చూపించేవాడు. మాట ఒక్కటే రాదు. 1861లో అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే సర్జన్ మెదడు తీసి చూస్తే, ఎడమవైపు ముందు భాగంలో కింది అంచున దెబ్బతిన్న చోటు కనిపించింది. తర్వాత అలాంటి రోగులు ఇంకా దొరికారు, దాదాపు అందరికీ దెబ్బ ఎడమవైపే. పదమూడేళ్ల తర్వాత, 1874లో, జర్మనీలో వెర్నికె అనే ఆయన దీనికి తిరగబడిన రకం గురించి రాశాడు. వీళ్లు ధారాళంగా మాట్లాడతారు. గొంతు, యాస, ఊపు అన్నీ మామూలే, మాటల్లో మాత్రం అర్థం ఉండదు. ఎదుటివాళ్లు చెప్పేదీ ఎక్కదు. ఆ దెబ్బ ఇంకొంచెం వెనక, చెవికి పైన, టెంపోరల్ లోబ్ వెనక భాగంలో ఉంటుంది. మాట పలకడం ఒకచోట, మాట పట్టుకోవడం ఇంకోచోట అన్నమాట. మనకి మాట అంటే ఒకటే వస్తువు. మెదడుకి కాదు.

ఇది తెలియక ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. పక్షవాతం వల్ల ఈ రెండో రకం దెబ్బ తగిలిన మనిషికి కాలూ చెయ్యీ బాగానే ఉంటాయి, మాటలు మాత్రం పిచ్చిపిచ్చిగా వస్తుంటాయి. మతి చలించిందనుకుని ఇంకెక్కడికో తీసుకెళతారు. అమూల్యమైన గంటలు పోతాయి.

ఎడమవైపుకి మాట ఉందని కుడివైపుని చిన్నచూపు చూడకండి. మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. కుడివైపు పక్కన, పైభాగంలో, పెరైటల్ లోబ్ అంటాం, అక్కడ రక్తం అందక దెబ్బతింది. భోజనం పెడితే పళ్లెంలో కుడి సగం మాత్రమే తిని, "ఇంత కొంచెం పెట్టారేమిటమ్మా?" అని నర్సు మీద విసుక్కునేవారు. ఆవిడ ఏమీ అనకుండా పళ్లెం అటు ఇటు తిప్పి పెట్టేది. మిగతా సగం కనపడగానే తినేవారు. ఆయన చూపులో లోపం లేదు. ఎడమవైపు అనేది ఒకటుందనే ధ్యాసే పోయింది. గడ్డం కుడివైపే గీసుకునేవారు. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి చూపించి "ఇది ఎవరిదండీ?" అని అడిగితే, కాసేపు చూసి "మీదేమో డాక్టరుగారూ" అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే.

దీని మీద నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. 1978లో బిసియాక్, లుజ్జాటి అనే ఇద్దరు ఇటలీ పరిశోధకులు మిలాన్ నగరంలో ఇలాంటి రోగులని ఒక మాట అడిగారు. కేథడ్రల్ అనే పెద్ద చర్చి ముందున్న చౌకు వాళ్లకి బాగా తెలిసిన చోటు. "చౌకుకి ఆ చివర, కేథడ్రల్ వైపు తిరిగి నిలబడ్డట్టు ఊహించుకోండి. ఏమేం కనపడతాయి?" కుడివైపు భవనాలన్నీ చెప్పారు, ఎడమవి వదిలేశారు. "ఇప్పుడు కేథడ్రల్ మెట్ల దగ్గర నిలబడి ఇటు తిరిగారనుకోండి." ఇందాక వదిలేసిన భవనాలన్నీ ఇప్పుడు కుడివైపుకి వచ్చాయి కదా, వాటిని చక్కగా చెప్పారు. ఇందాక చెప్పినవి మాయమయ్యాయి! అంటే జ్ఞాపకం పోలేదు. ఊహలో కూడా ఎడమవైపు తెరుచుకోవడం లేదు. ఈ పరీక్ష గురించి చదివిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. నాకు కనపడుతున్న ప్రపంచం పూర్తిగా ఉందని నేనెలా చెప్పగలను?

ఇక నుదుటి వెనక భాగం. దీని గురించి మాట్లాడితే ఫినియస్ గేజ్ రాక తప్పదు. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలు దారి కోసం బండలు పేల్చే ముఠా మేస్త్రీ ఇతను. మందు కూరుతుంటే నిప్పురవ్వ పడి పేలింది. మీటరు పైన పొడవు, ఆరు కిలోల బరువున్న ఇనపకడ్డీ ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికి వచ్చి అవతల పడింది. మనిషి చావలేదు. కొద్ది నిమిషాల్లోనే మాట్లాడాడు, బండిలో కూర్చుని ఊళ్లోకి వెళ్లాడు. గాయం మానింది. కానీ అంతకుముందు నిదానంగా, బాధ్యతగా ఉండే మనిషి నోటికొచ్చినట్టు తిట్టడం, ఇప్పుడొకటి అనుకుని ఇంకాసేపటికి వదిలేయడం మొదలుపెట్టాడు. 'ఇతను గేజ్ కాడు' అన్నారు స్నేహితులు. కాలూ చెయ్యీ, మాటా చూపూ బాగానే ఉండి మనిషే మారిపోవచ్చని అప్పుడు తెలిసింది.

పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. అదే నాకు నచ్చదు. గేజ్ ఆ తర్వాత చిలీ దేశం వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపుబండి తోలాడు. ఆరు గుర్రాల పగ్గాలు పట్టడం, ప్రయాణికులతో మెలగడం, వేళకి బండి కదిలించడం బుద్ధి నిలకడ లేనివాడు చేసే పని కాదు. అంటే చాలావరకు కుదుటపడ్డాడన్నమాట. దెబ్బతిన్న భాగం మళ్లీ మొలవదు గానీ, మిగతా మెదడు దారులు మార్చుకుని కొంత పని నేర్చుకుంటుంది. మేం ఫిజియోథెరపీ, మాట అభ్యాసం చేయించేది ఆ నమ్మకంతోనే. 1860లో గేజ్ చనిపోయాడు. ఎలాగో తెలుసా? వరసగా ఫిట్స్ వచ్చి. పన్నెండేళ్ల నాటి మచ్చ అది.

జ్ఞాపకం సంగతి హెన్రీ మొలైసన్ చెప్పాడు. అతను బతికున్నంతకాలం పుస్తకాల్లో హెచ్.ఎం. అని రెండక్షరాలే ఉండేవి, పేరు గోప్యం. చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఏ మందుకీ లొంగకపోతే 1953లో, అతనికి 27 ఏళ్లప్పుడు, సర్జన్ స్కోవిల్ చెవుల లోపలివైపు ఉండే హిప్పోకాంపస్ భాగాన్ని రెండు పక్కలా తీసేశాడు. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి కొత్త సంగతి ఒక్కటి కూడా అతని మనసులో నిలవలేదు. చిన్నప్పటి కబుర్లు చెప్పేవాడు, తెలివిగా మాట్లాడేవాడు. మీరు గదిలోంచి బయటికి వెళ్లి ఐదు నిమిషాల తర్వాత వస్తే మళ్లీ కొత్తగా పరిచయం చేసుకోవాలి.

బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. ఇంటికెళ్లి ప్రయత్నించండి, చెయ్యి ఎటో పోతుంది. హెన్రీ మూడు రోజుల్లో చక్కగా గీయడం నేర్చుకున్నాడు. రోజూ 'ఇది నేనెప్పుడూ చెయ్యలేదు' అంటూనే గీశాడు! మనసుకి గుర్తులేదు, చేతికి గుర్తుంది. ఈత, సైకిలు లాంటి, ఒంటికి అలవాటయ్యే పనుల జ్ఞాపకాలు దాచే చోటు వేరని అలా తేలింది. ఆ యాభై ఐదేళ్లలో అతన్ని పరీక్షించిన వాళ్లు పేరు తెచ్చుకున్నారు. అతనికి మాత్రం వాళ్లెవరో తెలియదు. 2008లో చనిపోయాడు. ఒకే ఆపరేషన్‌తో మనకి ఇంత తెలిసింది, అందుకు ఒకడి జీవితం ఖర్చయింది. ఆ సంగతి తలుచుకోకుండా ఈ పాఠం చెప్పకూడదని నా అభిప్రాయం.

కొన్ని భాగాలని నేను దాటవేస్తున్నాను. వెనక చూపు భాగం, మధ్యలో థాలమస్, ఆకలి, నిద్ర, ఒంటి వేడి చూసుకునే హైపోథాలమస్, భయాన్ని పసిగట్టే అమిగ్డాలా. ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం కావాలి. అన్నింటికీ అడుగున మెదడు కాండం, బొటనవేలంత లావు. ఊపిరి, గుండె వేగం, మెలకువ దాని చేతిలో ఉంటాయి. కుడి ఎడమల దారులు ఒకదాన్నొకటి దాటేది కూడా అక్కడే. అందుకే ఎడమ మెదడులో దెబ్బకి కుడి చెయ్యి పడిపోతుంది.

ఇప్పుడు జబ్బులు. అన్నీ చెప్పను. మీకు ఎదురయ్యేవి చెబుతాను.

అన్నిటికంటే ముందు పక్షవాతం. మెదడులో ఏ రక్తనాళమో మూసుకుపోవడమో, చిట్లడమో జరుగుతుంది. మూసుకుపోవడమే ఎక్కువ. ఇందాక చెప్పాను, మెదడుకి నిల్వ లేదని. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని లెక్కగట్టారు. నేను ఇక్కడ మాట్లాడటం మొదలుపెట్టి ఎంతసేపయిందో చూసుకోండి.

మరి జనం ఎందుకు ఆలస్యం చేస్తారు? నొప్పి లేదు కాబట్టి. గుండెపోటు వస్తే ఛాతీ పట్టుకుని కూలబడతాడు, ఇంట్లోవాళ్లు పరుగెత్తుతారు. మెదడుకి నొప్పి తెలియదు. మెలకువగా ఉన్న రోగితో మాట్లాడుతూనే మెదడుకి ఆపరేషన్ చేస్తారు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ అలా మెదడు మీద సన్నటి కరెంటు తాకించి, ఎక్కడ తాకితే వేలు కదులుతోందో, ఎక్కడ తాకితే పెదవి తిమ్మిరెక్కుతోందో పటం గీశాడు. 'అయితే తలనొప్పి ఎలా వస్తుందండీ?' అంటారు మీరు. అది మెదడుని కప్పిన పొరలది, రక్తనాళాలది, తల, మెడ కండలది. పక్షవాతంలో చాలామందికి ఏ నొప్పీ ఉండదు. చెయ్యి కొంచెం బరువెక్కినట్టుంటుంది. 'సరిగ్గా పడుకోలేదేమో, ఒక కునుకు తీస్తే పోతుంది' అనుకుంటారు. ఆ కునుకు ఎంతమందిని మంచానికి అంటించిందో నాకు తెలుసు.

అనుమానం వస్తే మూడు చూడండి. నవ్వమనండి, మూతి ఒక పక్కకి పోతోందా? రెండు చేతులూ ముందుకి చాపమనండి, ఒకటి జారుతోందా? ఒక వాక్యం పలకమనండి, తడబడుతోందా? మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా, ఉన్నట్టుండి వచ్చిందైతే, వెంటనే స్కాన్ ఉన్న ఆస్పత్రికి. అక్కడ మేం అడిగే మొదటి మాట "చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?" అని. టైము చెప్పలేకపోతే సగం దారులు మూసుకుపోతాయి. నాళాన్ని మూసిన రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పెద్ద నాళమైతే తొడ దగ్గరి నుంచి సన్నగొట్టం పంపి గడ్డని బయటికి లాగుతారు, కొందరిలో 24 గంటల దాకా కూడా వీలవుతుంది. కానీ గంట గంటకీ ఫలితం తగ్గిపోతుంది. ఇంట్లో తెలిసినవాళ్లు చెప్పారని ఆస్పిరిన్ మింగించకండి. అది మూసుకున్న నాళమా, చిట్లిన నాళమా అనేది స్కాన్ చూస్తే గానీ మాకే తెలియదు.

ఫిట్స్. కణాలు మామూలుగా ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఉంటాయి. ఒక గుంపు ఒక్కసారిగా ఒకే లయలో అరవడం మొదలుపెడితే అది ఫిట్. ఎక్కడ మొదలైందో దాన్నిబట్టే రూపం. కాళ్లూ చేతులూ కొట్టుకునేదే ఫిట్ అనుకోకండి. క్లాసులో పిల్లాడు పది సెకన్లు అలా శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ రాసుకోవడం కూడా ఫిట్ కావచ్చు. ధ్యాస లేదని వాడికి దెబ్బలు పడుతుంటాయి పాపం. ప్రపంచంలో ఐదు కోట్ల మందికి ఈ జబ్బుంది. సరైన వైద్యం అందితే నూటికి డెబ్బై మంది ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాదాపు 2,400 ఏళ్ల కిందటే గ్రీకు వైద్యులు ఇది దేవుడిచ్చిన రోగం కాదు, మెదడులో పుట్టేదే అని రాసిపెట్టారు. ఆ మాట ఇంకా అందరికీ అందలేదు.

ఎదురుగా ఎవరికైనా వస్తే, తల కింద మెత్తటిది పెట్టి, పక్కకి ఒత్తిగించి, గడియారం చూడండి. అంతే. నోట్లో చెంచా పెట్టకండి, వేలు అసలే పెట్టకండి. నాలుక మింగడం అనేది జరగదు. గట్టిగా పట్టి ఆపాలని చూడకండి. ఐదు నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకుండానే రెండోది వస్తే, ఆస్పత్రి. ఇంకొకటి, రెండేళ్లుగా రాలేదు కదా అని మందు మీ అంతట మీరు ఆపేయకండి. రానిది ఆ మందు వల్లే కావచ్చు.

పార్కిన్సన్ గురించి క్లుప్తంగా. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టరు ఆరుగురి గురించి రాశాడు, వాళ్లలో కొందరిని వీధిలో చూసినవాడే తప్ప ఒంటి మీద చెయ్యి వేసి పరీక్ష చెయ్యలేదు. అంటే కంటికి అంత స్పష్టంగా కనపడే జబ్బు. మెదడు కాండం పైభాగంలో నల్లటి చారలాంటి చోటు ఒకటుంది. అక్కడ డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. సగానికి పైగా పోయాక గానీ లక్షణాలు బయటపడవు. మనం వణుకుడు జబ్బు అంటాం గానీ, అసలు బాధ నెమ్మదితనం. చేతిరాత చిన్నదైపోతుంది, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు, ముఖంలో కదలిక తగ్గుతుంది. వాసన తెలియకపోవడం వీటన్నిటికంటే ఏళ్ల ముందే మొదలవ్వచ్చు. వణుకున్న ప్రతివాళ్లకీ ఇది ఉన్నట్టు కాదు. దీని వణుకు చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు వస్తుంది, కప్పు అందుకోగానే తగ్గుతుంది.

అల్జీమర్స్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాయిస్ అల్జీమర్ దగ్గరికి అగస్టా డేటర్ అనే 51 ఏళ్ల ఆవిడని తీసుకొచ్చారు. పేరు రాయమంటే సగం రాసి ఆగిపోయి, 'నన్ను నేను పోగొట్టుకున్నాను' అందని ఆయన కాగితాల్లో ఉంది. ఆవిడ చనిపోయాక 1906లో మెదడుని మైక్రోస్కోపు కింద చూసి, కణాల బయట పేరుకున్న మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు వివరించాడు. ఈ జబ్బు సాధారణంగా మొదట పట్టుకునేది హిప్పోకాంపస్ చుట్టుపక్కలే. హెన్రీని గుర్తుచేసుకోండి. పాతవన్నీ చెబుతారు, పొద్దున అడిగింది మళ్లీ అడుగుతారు. 'అరవై ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరేం కట్టుకున్నారో చెబుతోంది, ఆవిడకి మతిమరుపేమిటి?' అంటారు ఇంట్లోవాళ్లు. సరిగ్గా అదే ఆ జబ్బు తీరు.

కానీ మతిమరుపు కనపడగానే ఆ ముద్ర వేసేయకండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, లోపల దిగులు పట్టుకున్నా మతిమరుపు వస్తుంది. పెద్దవాళ్లు ఎప్పుడో చిన్నగా తల తగిలించుకుంటే, వారాల తర్వాత పొర కింద రక్తం చేరి అయోమయం మొదలవుతుంది. ఇవన్నీ బాగుచేయగలిగినవి. ముందు వీటిని వెతికి, లేవని తేల్చుకున్నాకే ఆ పెద్దమాట వాడాలి. కొత్త మందులు వచ్చాయి. లెకానెమాబ్ అనేదానికి 2023లో అమెరికాలో పూర్తి అనుమతి దొరికింది. తొలిదశలో జబ్బు నడకని కొంచెం నెమ్మది చేస్తుంది, మెదడులో వాపు, చిన్నచిన్న రక్తస్రావాల ప్రమాదమూ ఉంది. పోయిన జ్ఞాపకాన్ని వెనక్కి తేదు. పేపర్లో హెడ్డింగు చూసి ఆశపడి వచ్చేవాళ్లకి ఈ మాట చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

నేను చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, రోజూ పజిల్స్ చేస్తే మతిమరుపు రాదంటారు, నిజమేనా?

పజిల్స్ చేస్తే పజిల్స్ బాగా వస్తాయి. (నవ్వులు) మానేయమనడం లేదు, మీకు సరదా అయితే చెయ్యండి. కానీ నన్నడిగితే ముందు బీపీ చూపించుకోండి, షుగర్ అదుపులో పెట్టుకోండి, నడవండి, చెవులు సరిగ్గా వినపడకపోతే మిషన్ పెట్టుకోండి. వినపడని మనిషి నలుగురిలోంచి మెల్లగా తప్పుకుంటాడు, మెదడుకి పని తగ్గిపోతుంది. మతిమరుపు ముప్పు పెంచేవాటిలో వినికిడి లోపం పెద్దదని ఇప్పుడు చెబుతున్నారు. మిషన్ పెట్టుకోవడానికి నామోషీ పడేవాళ్లని చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: డాక్టరుగారూ, మా నాన్నగారికి నిన్న సాయంత్రం కుడి చెయ్యి పట్టు తప్పి గ్లాసు జారిపోయింది. మాట కూడా కొంచెం తడబడింది. ఓ పావుగంటలో మొత్తం సర్దుకుంది. ఇప్పుడు మామూలుగానే ఉన్నారు. ఇలాంటిదానికి కూడా కంగారు పడాలా?

నిన్న సాయంత్రమా? ఎవరికైనా చూపించారా?

ప్రశ్న: లేదండీ, తగ్గిపోయింది కదా అని.

ఇప్పుడాయన ఎక్కడున్నారు?

ప్రశ్న: ఇంట్లోనే ఉన్నారు.

చూడమ్మా, మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి దానంతటదే కరిగి ఉండొచ్చు. చెయ్యి కుడిది, మాట తడబడింది, చోటు ఎడమవైపు. అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాతి రెండు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ. మెడలోని రక్తనాళం, గుండె లయ ఈ రాత్రికే చూడాలి. మీరు సభ అయ్యేదాకా ఉండకండి. ముందు ఇంటికి ఫోన్ చేసి ఆయన్ని బయల్దేరదీయమనండి. నేను ఈ మైకు ఇచ్చేసి కిందికి వస్తున్నాను, ఎక్కడికి తీసుకెళ్లాలో చెబుతాను. మిగతావాళ్లు దయచేసి ఒక్క పది నిమిషాలు కూర్చోండి.